లెమ్యూయెల్ ఇంటి వంతు

అయోవా మైదానంలో ఒక రైతు ఇల్లు. 1871 నవంబరు, మధ్యాహ్నం. వంటింట్లో ఆర్విల్లా వెన్న చిలుకుతోంది. పెళ్ళయి వేరే ఊళ్ళో ఉంటున్న కూతురు డోర్కస్ చేతిలో ఉత్తరాల కట్ట ఉంది.

"ఇంకోసారి చెప్పమ్మా. నాన్న ఉత్తరం మళ్ళీ ఇందులో పెట్టేశావా?"

"పెట్టాను. ఆ తాడేసి కట్టెయ్. పక్క పొలం హాస్కిన్స్ పోస్టాఫీసుకి వెళ్తున్నాడు, బండి వచ్చే వేళయింది."

"నాన్న పోయి రెండేళ్ళయిందమ్మా!"

"తెలీకేం. ఒళ్ళు కడిగి, చొక్కా తొడిగి, పెట్టెలో పడుకోబెట్టింది నేనేగా."

"మరి?"

"మరేముంది. మీ నాన్న తోబుట్టువుల ఇళ్ళన్నీ తిరిగే కట్ట ఇది. ఇంటికొస్తే ఎవరి పాత ఉత్తరం వాళ్ళు తీసేసి, కొత్తది పెట్టి, తర్వాతి ఇంటికి పంపాలి. మీ నాన్నకి కొత్తది లేదు. పాతదే ఉంచాను. తేదీ మాత్రం చాకుతో గీకి దిద్దుతున్నా."

"ఎన్నిసార్లు?"

"ఇది నాలుగోసారి."

"నాలుగుసార్లు ఒకే ఉత్తరమా! ఎవరూ కనిపెట్టలేదూ?"

"కనిపెట్టడానికి అందులో ఏముందని? మొక్కజొన్న ఫరవాలేదు, కాలు నొప్పి, గాలి ఎక్కువ. ఉన్నన్నాళ్ళూ మీ నాన్న రాసింది ఆ మూడు ముక్కలేగా."

"నవ్వించకమ్మా."

"నేనేం నవ్వించట్లేదు."

"అసలు నీకీ బుద్ధి ఎలా పుట్టిందీ?"

"బుద్ధీ లేదు, పాడూ లేదు. పాతిపెట్టిన తొమ్మిదో రోజున కట్ట వచ్చింది. రాద్దామనే కలం పట్టాను. చెయ్యి కదల్లేదు. ఉన్నది ఉన్నట్టే కట్టి పంపేశా. ఆ పైన అలా జరిగిపోయింది."

"ఎసాహెల్ పెదనాన్న ఒక్కసారైనా..."

"ఆయన ఎవరిది చదివాడు గనక! తన పందుల గురించి ఆరు కాగితాలు నింపి తోసేస్తాడు."

"చదవకపోతే ఇదేంటి? ఇదిగో, విను. 'తమ్ముడూ లెమ్యూయెల్, నీ కాలు ఎలా ఉంది? చలికాలం, జాగ్రత్త.' మట్టిలో ఉన్న మనిషికి కాలు జాగ్రత్తట! నా వల్ల కాదమ్మా. నాన్న పోయిన సంగతి నువ్వు వాళ్ళకి చెప్పనేలేదని పోయిన నెల తెలిసింది మొదలు నాకు ముద్ద దిగట్లేదు. రాసుకొచ్చాను, చూడు. రెండు ముక్కలే. నాన్న పోయాడు, ఇన్నాళ్ళూ చెప్పనందుకు క్షమించండి అని. నాన్నది తీసేసి ఇది పెడతాను."

"పెట్టకు."

"పెడతాను."

"పెట్టకే తల్లీ."

"ఎందుకనీ?"

"వెన్న పడట్లేదు. ఆ వేణ్ణీళ్ళు ఓ చెంబుడు పొయ్యి ఇందులో."

"మాట దాటెయ్యకు."

"ముందు నీళ్ళు పొయ్యి."

"పోశా. ఇప్పుడు చెప్పు."

"హెప్సిబా అత్త గుర్తుందా నీకు?"

"నాన్న ఆఖరి చెల్లెలేగా. పురిట్లో పోయింది."

"ఆవిడ పోయిన మర్నాటి నుంచి ఆ ఇంటికి కట్ట పోవడం ఆగిపోయింది. మీ తాత పెట్టిన పద్ధతి అది. తన పిల్లలు నలుగురే రాయాలి, వాళ్ళ ఇళ్ళకే వెళ్ళాలి. మొగుళ్ళూ పెళ్ళాలూ లెక్కలోకి రారు. నాకూ పంపండి బాబూ అని హెప్సిబా మొగుడు రెండుసార్లు రాశాట్ట. పలికినవాడు లేడు."

"అయితే?"

"అయితే ఏంటి. నువ్వా రెండు ముక్కలు పెట్టావంటే ఈ ఇంటికి ఇదే ఆఖరిసారి."

"పోతే పోనీ! వాళ్ళేమన్నా నీ రక్తమా? ఒక్కడన్నా నీ ముఖం చూశాడా?"

"లేదు."

"మరి దేనికీ పాకులాట?"

"ఎసాహెల్ బావగారి ఉత్తరం చివర చూడు."

"ఏముందీ... 'ఆర్విల్లాని అడిగామని చెప్పు.'"

"అదీ."

"ఇదా? ఈ ఒక్క ముక్కకా?"

"నావాళ్ళంటూ ఎవరున్నారే? నువ్వు నెలకోసారి వస్తావు, అదీ దారి బాగుంటే. హాస్కిన్స్ కనిపిస్తే వాన గురించి నాలుగు మాటలంటాడు. ఆర్విల్లా అని పేరు పెట్టి నన్ను అడిగేది ఈ కట్ట ఒక్కటే."

"నాతో ముందే అనొచ్చుగా."

"ఏమనను? అనడానికి నాకేమీ అనిపించందే. మీ నాన్న పోయిన రోజు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. పొద్దున లేస్తాను, ఆవుల దగ్గరికి పోతాను, వండుతాను, తింటాను. ఉప్పు వేశానో లేదో కూడా తెలీదు. కట్ట వచ్చిన రోజు మాత్రం తల దువ్వుకుని కూర్చుంటాను."

"అమ్మా..."

"నువ్వేడవకు. అదుగో, బండి చప్పుడు. కట్టెయ్."

"ఉండు, కెజాయా అత్తది విడిగా ఉండిపోయింది. చదవనేలేదు. 'మా మచ్చల ఆవు కవలల్ని ఈనింది. రెండూ పెయ్యలే. ఓరిన్ ఆనందం పట్టలేకపోతున్నాడు.' ఇదేంటీ, ఇది మొన్న వేసవిలో నువ్వు నాకు చదివి వినిపించిందే కదా?"

"ఊఁ."

"కిందటి చలికాలంలోనూ ఇదే. అప్పుడూ రెండూ పెయ్యలే! ఏ ఆవమ్మా ఆర్నెల్లకోసారి ఈనేది? అదీ కవలల్ని?"

"తాడు బిగించి కట్టు, దార్లో ఊడిపోతుంది."

"అమ్మా! కెజాయా అత్త..."

"పోయింది. ఏడాదవుతుంది అనుకుంటా."

"అయితే ఇది పెడుతున్నది అత్త మొగుడు ఓరిన్ మామా?"

"ఇంకెవరు పెడతారు? ఆ ఇంట్లో ఆయనొక్కడే."

"నీకెప్పుడు తెలిసింది?"

"రెండోసారి ఆ ఆవు కనబడగానే."

"తెలిసీ ఊరుకున్నావా? ఎసాహెల్ పెదనాన్నకి స్వయానా చెల్లెలమ్మా! ఒక్క ముక్క చెప్పొద్దూ?"

"మన సంగతి ఓరిన్ అన్నయ్యకి తెలీదనుకున్నావా? ఆయన చెప్పాడా?"