ఉత్త తిరగలి

నాంచారి అని ఒకామె ఉండేదంట. పేరు గుర్తు పెట్టుకోండి, మధ్యలో ఎవరా నాంచారి అని అడిగితే నేను మళ్ళా మొదటినుంచి చెప్పను. ఊరు గువ్వలపాడు. చిన్న ఊరు, ముప్పై గడపలు ఉంటాయేమో అనుకో. ఆ ఊళ్ళో ఏ తలుపూ సరిగ్గా మూసుకునేది కాదంట, మూసినా తోసుకొని వచ్చేవాళ్ళే. ఈమె నీళ్ళకి బయలుదేరిందంటే, బావి ఎంత దూరం, ఇక్కణ్ణించి ఆ గడ్డివాముల దొడ్డి దూరం, పోయి వచ్చేసరికి పొయ్యి ఆరిపోయేది. ఒకామె ఏం కూర చేశావే అంటది. ఒకామె మొహం అట్టా ఉందేంది, రాత్రి నిద్రపోలా అంటది. ఇంకొకామె నిన్న మీ ఇంట్లో అరుపులేంది, మీ ఆయన మళ్ళా ఏమన్నాడు అంటది. నాంచారికి ఒళ్ళు మండేదంట. ఈ ఊళ్ళో తుమ్మితే కూడా దాచుకోను లేదు గదా, ఎప్పుడు పోతానో ఇక్కణ్ణించి అని తిట్టుకుంటా కడవ దించేది. అట్టా తిట్టుకుంటానే సంగటి ముద్ద రెండు తినేది, తల వాల్చిందంటే కోడి కూసిందాకా కదిలేది కాదు. అదీ ఆమె సంగతి.

ఆమెకి ఒక తిరగలి ఉంది. మీ పిల్లలకి తెలీదులే, రెండు గుండ్రాళ్ళు ఒకదాని మీద ఒకటి, పై రాయికి కర్ర పిడి. ఇద్దరు ఆడోళ్ళు ఎదురూబొదురూ కూచోని ఆ ఒక్క పిడినే ఇద్దరూ పట్టుకొని తిప్పాల. ఒక్కరే తిప్పొచ్చు, తిప్పలేరని కాదు, భుజాలు పడిపోతాయి. నాంచారికి ఎదురు కూచునేది పక్కింటి పుల్లమ్మ. ఇప్పుడు ఆ ఊరి పద్ధతి ఒకటి చెప్పాల, కథంతా దాని మీదే నడిచేది. పొద్దు పొడవకముందు మనిషిని పేరు పెట్టి కేకెయ్యకూడదంట వాళ్ళకి. మంచిది కాదని. మరి తోడు ఎట్టా పిలిచేది. ఏం చేస్తారంటే, గింజ పొయ్యకుండా ఉత్త తిరగలి మూడు చుట్లు తిప్పుతారు. గింజ ఉంటే రాయి గొణుగుతా తిరుగుద్ది. గింజ లేకపోతే రాయీ రాయీ రాసుకొని గరగరమని పళ్ళు జివ్వుమంటాయి. ఆ చప్పుడు వినపడిందా, పుల్లమ్మ కొప్పు ముడేసుకుంటా వచ్చి కూచునేది. ఒకసారి కోడిపెట్ట కాడ ఇద్దరికీ తగువు పడి నెల రోజులు మాటల్లేవంట. మాటల్లేకపోయినా తెల్లారుజామున నాంచారి ఉత్త తిరగలి తిప్పేది, పుల్లమ్మ వచ్చేది, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జొన్నలు విసిరేవాళ్ళు, లేచి ఎవరి దోవన వాళ్ళు పోయేవాళ్ళు. కోపం కోపమే, పిండి పిండే.

ఏమైందంటే, నాంచారి మొగుడు వెంగయ్య పశువుల వైద్యుడు. చేత్తో పొట్ట నిమిరితే చాలు, గొడ్డుకి ఏం జబ్బో చెప్పేవాడంట. ఆ పేరు రాజుగారి చెవిన పడింది. పట్నానికి రా, నా ఎడ్ల సాలలు చూసుకో, మిద్దె ఇస్తా, పాడి ఇస్తా అని కబురు పెట్టాడు. వెంగయ్య కంటే ముందు నాంచారే మూట కట్టింది. అమ్మయ్య, ఈ ఊరి నోళ్ళ నుంచి బయటపడ్డా అనుకుంది. బండి మీదికి తిరగలి కూడా ఎక్కించింది. బండి కదలబోతుంటే పుల్లమ్మ వచ్చింది. ఏడవలా, ఏం లేదు. పిడి మీద చెయ్యి పెట్టి, ఇదిగోమే, ఈ పక్క నున్నగా ఉంది చూడు, పన్నెండేళ్ళు నా అరచెయ్యి అరగదీసింది, నా పక్క నువ్వు పట్టుకోబాక అంది. అని ఎనక్కి తిరిగి చూడకుండా పోయింది.

పట్నం అంటే పట్నమే గదా. మిద్దె ఇల్లు, వాకిట్లోకి నీళ్ళు మోసుకొచ్చి పోసేవాళ్ళు, చట్టినిండా నెయ్యి. వీధిలో మనుషులు ఎంతమందంటే మన తిరణాల రోజూ జరిగినట్టే. ఒక్కరూ ఒక్కరిని ఆపరు. తల వంచుకొని వడివడిగా పోతానే ఉంటారంట, ఎవరో ఎనకాల తరుముతున్నట్టు. నాంచారి ఎంత సంతోషపడిందో. ఏం కూర అని అడిగేవాళ్ళు లేరు, అరుపులేందని అడిగేవాళ్ళు లేరు. నెల రోజులు హాయిగా ఉంది. రెండో నెల ఒక రోజు అద్దంలో చూసుకొని, నా మొహం అట్టా ఉందేంది అని తనే అడిగిందంట తనని.

అక్కణ్ణించి మొదలయింది. కంటికి నిద్ర లేకుండా పోయింది. ఊరికే కూచున్నా గుండె దడదడమంటది. నెయ్యేసిన అన్నం గొంతు దిగదు. ఎవరో ఏదో అన్నట్టు ఉలిక్కిపడుద్ది, చూస్తే ఎవరూ ఉండరు. ఊళ్ళో రాళ్ళు రప్పలు మోసినా నొప్పెరగని మనిషికి, కూచోబెట్టి తిండి పెడితే నడుము నొప్పి. ఇది ఆమె ఒక్కదానికే అనుకునేరు. ఆ పట్నంలో వైద్యులకి ఒక వీధికి వీధే ఉందంట. ప్రతి మనిషి నడుం కాడ రొంటిలో ఒక మందు పొట్లం. నిద్రకో పొడి, ఆకలికో పొడి, కోపం తగ్గడానికో పొడి. చిన్న ఊరికి మనుషుల వైద్యుడే లేడు, పట్నానికి వీధి చాలలా. ఎందుకో మీరే ఆలోచించుకోండి, నేను చదువుకోలా.

అప్పుడు నాంచారి ఏం చేసిందంటే, ఒక రోజు తెల్లారుజామున లేచి తిరగలి ముందర కూచుంది. గింజలు పక్కనే చేటలో ఉన్నాయి. పొయ్యలా. పిడి తన వైపు మాత్రమే పట్టుకొని ఉత్త తిరగలి మూడు చుట్లు తిప్పింది. గరగరమంది. ఆపి వాకిలి వైపు చూసింది. ఎవరూ రాలా. మళ్ళా మూడు చుట్లు. తెల్లగా తెల్లారిపోయింది. పట్నం వాళ్ళకి ఆ చప్పుడు అర్థం ఏం తెలుసు. అయినా ఆమెకి చిన్నప్పటినుంచి తెలిసింది అదొక్కటే గదా. తిప్పితే మనిషి రావాల. రేపు వస్తారేమో అని రేపూ తిప్పింది. ఎల్లుండీ తిప్పింది. పాపం, ఆ వీధి వైపే చూస్తా కూచుంది.

నాలుగో రోజు తలుపు తీస్తే గడప ముందర ఒక చేట, చేటలో బియ్యం. ఐదో రోజు రెండు చేటలు. ఆరో రోజు రాగులు, పప్పు, మూటలు కూడా. ఏందిది అనుకుంటారా. వీధిలో వాళ్ళు ఆ చప్పుడు విన్నారు, విని ఏమనుకున్నారంటే, అయ్యో, ఆ ఇంట్లో గింజల్లేవు, ఆకలికి ఉత్త రాయి తిప్పుకుంటున్నారు పాపం అనుకున్నారు. చెడ్డోళ్ళు కాదు, ఆ మాట నేను అనను. మనసు కరిగే పెట్టారు. కానీ పెట్టి, తలుపు తట్టకుండా పోయారు. గింజ ఇచ్చారు గానీ చెయ్యి ఇవ్వలా.

వెంగయ్యకి తల కొట్టేసినట్టయింది. ఏమే, రాజుగారి దగ్గర కొలువు చేసేవాడి ఇంటి ముందర బిచ్చం చేటలా, ఊరంతా ఏమనుకుంటున్నారు, ఇంకొకసారి ఆ రాయి తిప్పావంటే బావిలో పారేస్తా అన్నాడు. నాంచారి, ఇన్ని గింజలు పంపించారు గదయ్యా, ఒక్కరన్నా లోపలికొచ్చి ఏంది నీ బాధ అని అడగలా అంది, అంతే. తిరగలి మీద గుడ్డ కప్పింది. ఆ రోజే మంచమెక్కింది.

వైద్యుడొచ్చాడు. చెయ్యి పట్టుకొని చూశాడు, నాలుక చూశాడు. ఏమ్మా ఏం దిగులు అన్నాడు. దిగుల్లేదయ్యా, నేను తిప్పే రాయికి అవతల చెయ్యి లేదు అంది. ఆయన దాన్ని జ్వరం మాట అనుకొని ఇంకో పొడి ఇచ్చాడు. బయటికొచ్చి వెంగయ్యతో, చూడబ్బాయ్, పైకి జబ్బేం లేదు, లోపల మనిషి ఆరిపోతా ఉంది, ఇట్టానే పోతే నెల దక్కదు అన్నాడు. వెంగయ్యకి ఎవరితో చెప్పుకోవాలో కూడా తెలీలా. పట్నంలో ఆయనకి మాత్రం ఎవరున్నారు.

ఆమె మంచమెక్కిన ఏడో రోజు. ఎడ్ల సాలలో మంచి ఎద్దు ఒకటి మేత ముట్టకుండా నిలబడిందంట. రాజుగారు వచ్చి, వెంగయ్యా, బెల్లం పెట్టాం, పచ్చి జొన్న పెట్టాం, ఏంది దీనికి అన్నాడు. వెంగయ్య దాని మొహం చూశాడో లేదో, దీని జోడేది దొరా అన్నాడు. దాన్ని అవతలి సాలకి మార్చాం అన్నారు. తెచ్చి పక్కన కట్టండి, ఎన్నేళ్ళు ఒక కాడి కింద నడిచాయో, మీరు బెల్లం పెడితే తింటదా అన్నాడు. తెచ్చి కట్టారు. రెండూ మెడలు రాసుకున్నాయి, గడ్డి అందుకున్నాయి. వెంగయ్య చేతిలో గడ్డి మోపు చేతిలోనే ఉండిపోయింది. ఆ మాట అన్నది తన నోరే గదా. గొడ్డు బాధ చిటికెలో పట్టినోడికి పెళ్ళాం బాధ పట్టలా, చూశారా. మోపు అక్కడే పడేసి ఇంటికి పరిగెత్తాడు. ఈ కొలువొద్దు, బండి కట్టి గువ్వలపాడు తీసుకుపోతా అనుకుంటా పరిగెత్తాడు.

ఈలోపల ఇంట్లో ఏమైందంటే, ఎదురు మిద్దెలోంచి ఒక ముసలామె కర్ర పట్టుకొని వీధి దాటి వచ్చిందంట. చెంగమ్మ ఆమె పేరు. తలుపు తోసుకొని లోపలికొచ్చింది. ఏమ్మా, రాయి ఆగిపోయిందే అని అడిగింది. నాంచారి మంచం మీంచి తల తిప్పి చూసింది. ఎవరవ్వా నువ్వు అంది. ఎదురింటిదాన్నేనమ్మా. ముప్పై ఏళ్ళయింది ఈ పట్నానికొచ్చి, మాదీ మీ దిక్కు ఊరే. నువ్వు మొదటి రోజు ఉత్త రాయి తిప్పావు చూడు, నేను పక్క మీంచి లేచి కూచున్నా. మా అమ్మ తిప్పినట్టే ఉంది. ఆ చప్పుడు వింటా వింటా మళ్ళా నిద్రపోయా, పొడి ఏసుకోకుండా. ఏడు రోజులైంది రాయి ఆగి, నాకు మళ్ళా కన్ను మూతపడలా అంది. నాంచారికి ఏడుపొచ్చేసింది. పిలుస్తానే ఉన్నాను గదవ్వా, రాకపోతివే అంది. ముసలామె మంచం అంచున కూచుంది. విన్నానమ్మా, ముప్పై ఏళ్ళలో నన్ను ఎవరూ పిలవలా, నువ్వు పిలిచేది నన్నేనని అనుకోవడానికి ధైర్యం చాల్లేదు అంది.

వెంగయ్య వచ్చేసరికి తలుపు బార్లా తీసుంది. లోపల రాయి గొణుగుతా తిరుగుతోంది. ఇటు నాంచారి, అటు చెంగమ్మ. గడప ముందర వాళ్ళు పెట్టిపోయిన బియ్యమే విసురుతున్నారు. ముసలామె పిడిని పుల్లమ్మ పట్టుకునే వైపు పట్టుకొని, ఏందమ్మా ఇది ఇంత నున్నగా ఉంది, ఎవరిదో చెయ్యి పట్టుకున్నట్టుంది అంది. మా పుల్లమ్మది అంది నాంచారి. ఆ పిండి జావ కాచుకొని ఆ పూట రెండు గిన్నెలు తాగిందంట. తాగుతా, ఇంట్లోకొచ్చి ఈ ముసలామె ఎన్ని ప్రశ్నలేస్తది అని మొగుడితో గొణిగింది. వెంగయ్యకి అప్పుడు తెలిసింది, బతికిందని.

పోదామా ఊరికి అంటే, అవ్వని వదిలి ఎట్టా పోను, మళ్ళా ముప్పై ఏళ్ళు ఎవరు పిలుస్తారు ఆమెని అంది. ఉండిపోయారు. కానీ మనసు ఉండిపోద్దా. గువ్వలపాడు దిక్కు బళ్ళు వచ్చాయంటే ఎదురుపోయి పుల్లమ్మ ఎట్టుంది అని అడిగేదంట. ఒక బండాయన చెప్పాడు. బాగానే ఉందమ్మా, ఇంకో తిరగలి కొనుక్కొని ఇంకొకామెతో విసురుతోంది, కానీ దానికి ముందు తెల్లారుజామున నీ ఇంటి వైపు తిరిగి ఉత్త తిరగలి మూడు చుట్లు తిప్పుద్ది, ఎందుకే నాంచారి లేదు గదా అంటే, లేదని నాకు తెలుసులే, నా చేతికి తెలీదు అంటది అన్నాడు. ఆ రోజునుంచి నాంచారి కూడా చెంగమ్మ రాకముందు ఊరి వైపు తిరిగి కూచోని మూడు చుట్లు తిప్పేది. బతికినన్నాళ్ళూ తిప్పింది. ఆమె చెయ్యీ అంతే, ఈమె చెయ్యీ అంతే.

అయిపోయింది, రాసుకున్నావా నాయనా. ఇది మా అమ్మమ్మ చెప్పింది, అప్పుడు నాకు నవ్వొచ్చేది, ఎక్కడన్నా రాయి తిప్పితే మనిషి వస్తాడా అని. ఇప్పుడు నవ్వు రావట్లా. పట్నానికి మనం పోవక్కర్లా, అదే మనూరికి వచ్చింది. తలుపులు మూసుకుంటున్నాయి, లోపల టీవీ. నాకూ బీపీ బిళ్ళ, ఎదురింటి సామ్రాజ్యానికీ బీపీ బిళ్ళ, ఎవరిది వాళ్ళం మింగుతున్నాం. మొన్న నిద్ర పట్టక, నా కొడుకు కొనిచ్చిన మిక్సీ ఉంది, కొత్తది, ఒక్క గీత కూడా పడలా, దాన్ని అటు జరిపి, దొడ్లో తిరగలి దులిపి ఉత్తదే మూడు చుట్లు తిప్పా. గరగరమంది. సామ్రాజ్యం పరిగెత్తుకుంటా వచ్చింది, ఏంది అత్తా ఆ చప్పుడు, మిక్సీ చెడిపోయిందా అని. చెడిపోయిందే, కూచో, ఇటు పిడి పట్టు అన్నా. పట్టింది. అప్పటినుంచి రోజూ వస్తోంది. ఆ మిక్సీ ఇంకా బాగుచేయించలా నేను.