బొమ్మ ఉన్న పెట్టె

జ్ఞాపకశక్తి మీద ముప్పై ఏళ్ళు పరిశోధించిన ఆమె తన వ్యాసాల జాబితా చూసుకుంటోంది. వెనక కుర్చీలో భర్త ఉన్నాడు.

"నలభై వ్యాసాలు రాశానండీ. వెయ్యిమంది తమ రాతల్లో ఉదహరించింది మాత్రం మన బాబు మీద రాసిందొక్కటే."

"మిగతావి?"

"అన్నీ కలిపినా వందమంది ఉదహరించలేదు. అంతకు ఏడాది ముందు తన కళ్ళెదుట బొమ్మ దాచిన పెట్టెను మూడేళ్ళ పిల్లాడు గుర్తుపట్టడమంటే మాటలా! ఇప్పుడెవరో అరవైమంది పిల్లలతో చేసి చూశారట. ఒక్కరూ గుర్తుపట్టలేదట. మనవాడిలాంటివాడు మళ్ళీ పుట్టాలిగా!"

"కాకిపిల్ల కాకికి ముద్దు."

"వాడు పోయి పదహారేళ్ళు. ఇంకా వెక్కిరింపులేనా?"

ఇన్నేళ్ళూ దాచుకున్న మాటను అతను ఇక ఆపుకోలేకపోయాడు.

"వెక్కిరింపు కాదే. ఆ రోజు నీ వెనక నిలబడి, ఏ పెట్టెలో ఉందో వాడికి కళ్ళతో చూపించాను."

ఆమె తల తిప్పలేదు.

"ఎందుకు?"

"నెల రోజులుగా నువ్వు నోటుబుక్కు వదల్లేదు. బొమ్మ దొరికితే అమ్మ ఎత్తుకుంటుందని వాడికి మాటిచ్చాను."

"ఎత్తుకున్నానా?"

"ముందు టైము రాసుకున్నావు. అంతసేపూ వాడు చేతులు చాచే ఉన్నాడు."

ఆమె కీబోర్డు దగ్గరకు లాక్కుంది.

"ఏం చేస్తున్నావు?"

"వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకు రాస్తున్నాను."

"వద్దే. అదీ పోతే లోకంలో వాడి ఊసెత్తేవాళ్ళే ఉండరు."

"అందులో ఉన్నది మనవాడు కాదండీ. చేతులు చాచాడని నేనెక్కడా రాయలేదు."