తలుపు తీసిన పిల్ల

మ్యాట్నీ వదిలాక హాలంతా ఖాళీ అయింది. ఓ భార్యాభర్తలు మాత్రం సీట్లలోంచి లేవలేదు.

"చివర్లో హీరోకి తలుపు తీసింది వాడి చనిపోయిన కూతురే కదా! అంటే వాడింకా కలలోనే ఉన్నాడు," అన్నాడతను.

"ఏమోనండీ. మేలుకున్నాడేమో అనిపించింది నాకు."

"అంత పెద్ద కల కంటుంటే ఎవరికైనా తెలియదుటే?"

"మీకు తెలుస్తోందా?"

"నాకేంటి?"

"పాప పోయినప్పటి నుంచీ రోజూ తెల్లవారుజామున నిద్రలో దాంతో మాట్లాడుతున్నారు. జడ వేస్తా రమ్మంటారు. పకపకా నవ్వుతారు."

అతనికి ఒక్క కల కూడా గుర్తులేదు.

"మరి నన్ను లేపవేం?"

"ఎలా లేపనండీ? మధ్యమధ్యలో మాట ఆపి 'ఊఁ' కొడతారు. అప్పుడది ఏం చెబుతోందోనని నేను చెవులు రిక్కించి పడుకుంటాను."