జయంతికి వచ్చిన పెద్దమనిషి

ఏప్రిల్ అయిదు, పొద్దున. నందిగామ వైపు కీసరకు దగ్గర్లోని ఒక ఊరి ఎస్సీ కాలనీ. రిటైరైన టీచరు ఆశీర్వాదం తన ఇంటి ముందున్న బాబూ జగ్జీవన్‌రామ్ విగ్రహాన్ని కడుగుతున్నాడు. ఊళ్ళో పెద్ద రైతు చిన్నబాబు కారు దిగి వచ్చాడు.

"అది కాదు ఆశీర్వాదం, నా అంతటి వాణ్ణి వచ్చి దండేస్తానంటే సంతోషించాలి గానీ, ఆలోచిస్తామంటారేంటి?"

"ఆలోచిస్తామనే అన్నాంగా చిన్నబాబు గారూ. వద్దన్లేదుగా."

"నందిగామ నుంచి ఫోటోగ్రాఫర్ బయల్దేరాడు. విలేకరులూ వస్తారు. ఎంతసేపయ్యా, అయిదు నిమిషాలు."

"ఈ విగ్రహం సెంటర్లో పెడతామని అడిగినప్పుడు కూడా అయిదు నిమిషాల్లోనే తేల్చేశారు మీరు. మీ కాలనీలో పెట్టుకోండి, మాకెందుకన్నారు."

"పాత సంగతులెందుకిప్పుడు? అంబేద్కర్ గారంటే నాకు మొదట్నుంచీ గౌరవమే."

"ఈయన జగ్జీవన్‌రామ్ గారండి."

"మీకు ఇద్దరూ ఒకటేగా."

"అంబేద్కర్ గారి జయంతి పధ్నాలుగున. మీకు మళ్ళీ రావాల్సొస్తుంది."

"వస్తా. దానికీ వస్తా. నిజం చెప్పాలంటే మొన్నటిదాకా ఈ సెలవు దేనికో కూడా తెలీదు నాకు. రిజిస్ట్రేషన్ ఆఫీసు మూశారని తిట్టుకునేవాణ్ణి."

"ఇప్పుడు తెలిసిందాండి?"

"మాస్టారూ, నీ దగ్గర దాపరికమేంటి. మా నవీన్‌బాబుకి జడ్పీటీసీ టిక్కెట్టు అడుగుతున్నా. కాలనీ మాతో ఉందని పైవాళ్ళకి కనపడాలి. అంతే."

"ఇందాకటిదాకా ఆశీర్వాదాన్నేగా. మాస్టార్ని ఎప్పుడయ్యాను?"

"ఎట్టా పిలిస్తే ఏముందిలే. మధ్యాన్నం కాలనీ అంతటికీ బిర్యానీ పెట్టిస్తా."

"మా వంట మేం చేసుకుంటున్నామండి. మీరు కూర్చుని తింటారా మాతో?"

"నాకు షుగరు."

"పోనీ ఎండగా ఉంది, ఇంట్లోకి రండి. మంచినీళ్ళు తాగుదురుగాని."

"వద్దులే. ఇక్కడ బానే ఉంది."

"గుమ్మం దాకా అన్నా."

"వద్దన్నాగా. ఆ ఇంట్లో నాకు పనిలేదు."

"పని కాదండీ, మనుషులు ఉన్నారు."

"నాకెవరూ లేరక్కడ. నాకున్నది ఒక్కడే కొడుకు. వాడి కోసమే ఈ తిప్పలు. లేకపోతే ఈ వీధిలో అడుగుపెట్టేవాణ్ణా?"

"ఒక్కడేనాండి?"

"ఒక్కడే. ఊరందరికీ తెలుసు."

"మా అబ్బాయి ఎడ్విన్ భార్యకి తెలీదేమో. అమ్మా గీతాంజలీ, ఒకసారి ఇట్రా. మీ నాన్నగారొచ్చారు."

"దాన్నెందుకు పిలుస్తావయ్యా? పెళ్ళయిన రోజే తెంచేసుకున్నా. నువ్వు చెప్పు, దండ వెయ్యనిస్తారా లేదా?"

"నేను చెప్తా, ఉండండి మామయ్యా. దండ వేద్దురుగాని నాన్నా. ముందు ఇంటికెళ్ళి, నేను చచ్చిపోయానని హాల్లో నా ఫోటోకి వేసిన దండ తీసేసి రండి."