స్కార్ఫు దేని మీద నిలుస్తుంది

పొద్దున్న, పడగ్గదిలో అద్దం ముందు అమ్మ, ఎనిమిదో తరగతి కూతురు. మంచం నిండా స్కార్ఫులు. తలుపు అవతల నాన్నమ్మ.

"అది కాదు, పక్కది. ఆ నీలం జార్జెట్టు ఇటు వేస్తే అటు జారుతుంది. ఆపడానికి అడ్డం ఏముందని?"

"ఇదామ్మా?"

"ఆఁ, అదే. గీతల నూలుది. గంజి ఉంది దానికి. మడత పెడితే చెప్పిన మాట వింటుంది. మా షాపాయనకంటే నయం."

"ఎనిమిదిన్నర అయిందమ్మా."

"కానీ. షాపు తెరిచేది తొమ్మిదిన్నరకి. తెరిచేసరికి నా కౌంటర్ వెనక నేనుంటా. ఎవడు కదుపుతాడో చూస్తా."

"అసలు ఆయనేమన్నాడు?"

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావే? 'మెడలో వేసి చూపించాల్సిన మనిషివి, ఇప్పుడు దేని మీద వేసి చూపిస్తావమ్మా? ప్యాకింగ్ గదిలో కూర్చో, అక్కడ ఫ్యానుంది' అన్నాడు. ఫ్యానుందట! పదకొండేళ్ళు నిలబడి నిలబడి కాళ్ళ మీద నరాలు తేలాయి. అప్పుడు గుర్తురాని ఫ్యాను ఇప్పుడు గుర్తొచ్చింది. క్యాన్సరని రొమ్ములు తీసేశాడు డాక్టరు, చేతులు తియ్యలేదు కదా! ముడులు వేసేది చేతుల్తో కాదూ?"

"నువ్వేమన్నావు మరి?"

"మగబొమ్మకి మఫ్లరు చుట్టి అద్దాల్లో నిలబెట్టారు కదా సార్, అది దేని మీద నిలబడింది అని అడిగా."

"నిజంగా అడిగావా?"

"లేదు. బస్సెక్కాక తట్టింది. అక్కడ మాత్రం నోట్లో నాలుక లేనిదానిలా 'సరే సార్' అని వచ్చేశా. అదే నా మంట. నిన్న ఫోన్ చేసి గట్టిగా అడిగితే, ఇవాళ ఒక్క రోజు నిలబడి చూపించు అన్నాడు. కుదిరితే కౌంటరు. లేదంటే రేపట్నుంచి అట్టపెట్టెలూ నేనూ."

"అమ్మాయ్! ఆస్పత్రివాళ్ళిచ్చిన మెత్తలు పెట్టుకున్నావా?"

"లేదత్తయ్యా!"

"నీ సొమ్మేం పోయింది? లోపల పెట్టుకుంటే ఎవరికీ తెలీదు. నలుగురిలోకి వెళ్ళేదానివి."

"చెమట పడితే ఒకటి పొట్ట మీదకొస్తుంది, ఇంకోటి చంకలోకి పోతుంది. వచ్చినవాళ్ళు స్కార్ఫు చూడాలా, వాటి ప్రయాణం చూడాలా?"

"పోనీ, డాక్టరమ్మ చెప్పినప్పుడే ఆ రెండో ఆపరేషను చేయించుకోవాల్సింది. ఉన్నవి ఉన్నట్టు మళ్ళీ కడతారట కదా."

"ఎవరి కోసం అత్తయ్యా? ఇంకో రెండు కోతలు, ఇంకో ఆర్నెల్లు మంచం. వద్దన్నా. నా నోటితో వద్దన్నా, నా చేత్తో సంతకం పెట్టా. తలుపు అవతల నిలబడి ఆ మాట మళ్ళీ ఎత్తకండి."

"నీ మంచికే చెప్పానమ్మా, నాకేం..."

"మీ మంచి సాయంత్రం వింటా. టైము లేదు నాకు."

"అమ్మా, అరవకు. కుట్లు లాగుతాయి."

"కుట్లు ఎప్పుడో ఆరాయి. లాగుతున్నది వేరే. రా, వెనక్కి రా. నా కుడిచెయ్యి భుజం దాటి లేవదు. ఆ కొస వెనక నుంచి తీసి ముందుకు వెయ్యి."

"ఇలాగా?"

"ఇంకా పొడుగు వదులు. ఇప్పుడు ముడి."

"ఎప్పట్లా మధ్యలో వెయ్యనా?"

"వెయ్యి, చూద్దాం. ఆఁ... చూశావా? తలుపుకి తాళంకప్ప వేలాడేసినట్టుంది. తీసెయ్, తీసెయ్. ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళందరికీ ఈ ముడే కట్టి పంపా. నాకే పనికిరాలేదు."

"భుజం మీద వేస్తే?"

"భుజం మీదా... ఉండు. కాస్త వెనక్కి. ఎముక మీద కాదే, గుచ్చుకుంటుంది. అక్కడ. పిన్ను లోపల్నుంచి పెట్టు, బయటికి కనపడకూడదు. ఇప్పుడు కొస వదిలెయ్."

"అబ్బ!"

"అబ్బే మరి! ఎలా పడిందో చూడు. కిటికీకి తెర వేసినట్టు. ఇదివరకు ఈ గీతలు నా మీద వంకర్లు తిరిగేవి. ఇప్పుడు గీత గీతలా ఉంది. ఇది చూసి చెప్పమను ఆ మహానుభావుణ్ణి, దేని మీద నిలుస్తుందో!"

"బాగుందమ్మా."

"బాగుందమ్మా అని నేల వైపు చూసి చెప్తావేం? నేల కట్టుకుందా?"

"చూసే చెప్పా."

"చూశావులే."

"అమ్మా... అది నీకు ఎప్పుడు మొదలైంది? నా అంత ఉన్నప్పుడేనా?"

"ఏది?"

"అదే."

"ఇప్పుడా గొడవెందుకు? చదువుకునే పిల్లవి, చదువు సంగతి చూసుకో. ఆ పసుపుపచ్చది తే. కౌంటర్లో నాకు నేను వేసుకుంటే సరిపోదు, వచ్చినవాళ్ళకి వెయ్యాలి. ఐదు నెలలైంది ఇంకో మనిషికి కట్టి. అద్దం ముందు నిలబడు, నీకు వేసి చెయ్యి ఆడించుకుంటా."

"నాకొద్దు."

"ఏం?"

"కుర్చీకి వేసుకో."

"కుర్చీకి మెడుందా? రావే."

"స్కూలుకి టైమవుతోందమ్మా."

"పదింటికి స్కూలు."

"ఇవాళ ముందే రమ్మన్నారు."

"ఎందుకు? ఆటలకా? మీ ఆటల టీచరు నిన్న ఫోన్ చేసింది. ఎన్ని రోజులైందో నువ్వు మైదానం మొహం చూసి! పరిగెత్తమంటే ఊపిరాడదన్నావట. ఇంట్లో మాత్రం ఒక్క ముక్క చెప్పవు."

"నేను చెప్తూనే ఉన్నానమ్మాయ్. పిల్ల ముసలిదానిలా వంగి వంగి నడుస్తోందని. నా మాట వినేదెవరు?"

"విన్నావుగా. నిటారుగా నిలబడు. ఇటు తిరుగు, మెడ..."

"ముట్టుకోకమ్మా!"

"ఏమన్నావ్?"

"ముట్టుకోవద్దు. అంతే."

"ఓహో. ఇదా. నేనింకా షాపాయన ఒక్కడే అనుకున్నా."

"అది కాదమ్మా..."

"నా కడుపున పుట్టినదానికి కూడా నేనంటే అసహ్యం."

"కాదు!"

"సిగ్గు."

"కాదంటున్నా కదా!"

"ఇంకేంటి? రోడ్డు మీద నాకు నాలుగడుగులు వెనక నడుస్తావు. నేను స్నానం చేసి గదిలోకొస్తే గోడ వైపు తిరుగుతావు. నేనేమన్నా దొంగతనం చేశానా? చస్తానంటే తీయించుకున్నా. నువ్వింకా చిన్నదానివని, నీ కోసం బతకాలని తీయించుకున్నా! ముట్టుకుంటే అంటుకుంటుందనుకున్నావా?"

"నాన్నమ్మ చెప్పింది..."

"ఏం చెప్పింది?"

"నాకు కాదు. పక్కింటామెకి. తల్లికొస్తే కూతురికీ వస్తుందట అని."

"అత్తయ్యా!"

"మాటవరసకన్నానమ్మా. పిల్ల నిద్రపోతోందనుకున్నా..."

"మాటవరసకా? పిల్లకి ఏమీ చెప్పొద్దు, భయపడుతుంది అని ఇంట్లో అందరి నోళ్ళూ మూయించారు. నా నోరూ మూయించారు. మీరు మాత్రం గోడ మీద నుంచి పక్కింటికి..."

"అమ్మా, నాన్నమ్మనేం అనకు. తొమ్మిదవుతోంది, నువ్వు వెళ్ళు."

"వెళ్తా. నీ సంగతి తేలకుండా వెళ్తానా? రా ఇటు. మెడలో వేస్తా, అంతే. నిన్నేం కొరుక్కు తినను. చేతులు దించు. అలా కట్టుకుని నిలబడితే స్కార్ఫెలా పడుతుంది?"

"అమ్మా, వద్దు."

"దించమన్నానా! ఆఁ, అలా. ఈ కొస వెనక్కి తీసి... వీపు మీద ఇదేంటే?"

"ఏం లేదు."

"ఇంత లావు ముడేంటి బట్టల కింద?"

"ఏం లేదన్నా కదా. వదులు."

"కదలకు. ఇది... నా ఆస్పత్రి పట్టీ కదూ? ఆపరేషనయ్యాక నాకు కట్టింది? నువ్వెందుకు చుట్టుకున్నావు?"

"ఊరికే."

"ఊరికే ఇంత బిగించి కట్టుకుంటారా? నా వేలు కూడా దూరట్లేదు. ఎన్నాళ్ళ నుంచి?"

"వదులమ్మా, నీకు బస్సు పోతుంది."

"అడుగుతున్నానా!"

"నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చి, అది తీసి దండెం మీద ఆరేశావు చూడు. అప్పట్నుంచి."

"అయ్యో, ఊపిరెలా ఆడుతోందే నీకు? ఎవరన్నారు? స్కూల్లో ఎవరైనా ఏడిపించారా? పేరు చెప్పు. షాపు తర్వాత, ముందు అక్కడికే వస్తా."

"ఎవరూ ఏమీ అనలేదమ్మా."

"మరెందుకు కట్టుకున్నావు? చెప్పవే!"

"పెరగనిస్తేనే కదమ్మా కోసేది."