పురిటి గదిలో మలర్ అడిగిన ప్రశ్న

సభకు అధ్యక్షత వహిస్తున్న మా ఆస్పత్రి డైరెక్టర్ సంజీవరావు గారికి, ఎవరి పనులు వాళ్ళు మానుకుని నన్ను సాగనంపడానికి వచ్చిన పటమట పెద్దలకు, ముందు వరుసలో కూర్చుని అప్పుడే కళ్ళు తుడుచుకుంటున్న మా సిస్టర్లకు, అందరికీ ఈ అమలమ్మ నమస్కారాలు.

ఏమేం చెప్పాలో ఇంటి దగ్గర అనుకుని వచ్చాను. ఇప్పుడు ఒక్క మాటా గుర్తురావడం లేదు. ఇంతకుముందే ఇక్కడ నిలబడి మాట్లాడిన మలర్ ఈ సభకు వస్తుందని నాకు తెలియదు. డాక్టర్ భానుశ్రీ గారూ, ముందే ఒక మాట చెప్పాల్సిందండీ. మలర్ నాలుగు మాటలు చెప్పి కూర్చుంది. అసలేం జరిగిందో తెలియనివాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, అందుకని నేను చెబుతాను.

నేను చేసిన ఉద్యోగాన్ని డౌలా అంటారు. కాన్పు చెయ్యను, మందులివ్వను. నొప్పులు మొదలైన దగ్గర్నుంచి కాన్పయ్యేదాకా తల్లిని వదలకుండా పక్కనుంటాను, నడుము రాస్తాను, గొంతు తడుపుతాను, భయపడితే చెయ్యి పట్టుకుంటాను. ట్రైనింగుకు వెళ్తానంటే మా ఆయన శౌరయ్య, “ఈ వయసులో డోలు వాయించటమేందే!” అన్నాడు. (నవ్వులు) అదిగో, ఏమీ ఎరగనట్టు పైకి చూస్తున్నాడు.

మలర్‌ది మధురై దగ్గర పల్లె. భర్తకు ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని దొరికితే ఇక్కడికొచ్చారు. మొదటిసారి అత్తగారు వెంటబెట్టుకొచ్చి, “ముళుగామ ఇరుక్కా” అని ఒకటే చెబుతోంది. మన రిసెప్షన్ చక్రికి అరకొర తమిళం వచ్చు. “మేడమ్, ఈవిడ స్నానం మానేసిందంటండీ” అన్నాడు. (నవ్వులు) అత్తగారు విసిగిపోయి కోడలి పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించాక గానీ మాకు వెలగలేదు. నెలనెలా పోసుకునే నీళ్ళు ఆగిపోయాయి కాబట్టి వాళ్ళు ‘మునగకుండా ఉంది’ అంటారట. మనమేమో అదే కబురు ‘నీళ్ళోసుకుంది’ అని చెబుతాం! నేనూ మలర్ తలా ఒక మాట నేర్చుకుని ఆరోజు చాలాసేపు నవ్వుకున్నాం.

తొమ్మిదో నెలలో బిడ్డ కదలడం లేదని పరుగున వచ్చారు. స్కానింగులో గుండె చప్పుడు లేదు. భానుశ్రీ గారు మెల్లగా చెప్పారు, భర్త తమిళంలో చెప్పాడు. అయినా ఆ బిడ్డను కనాల్సిందే కదండీ, నొప్పులు పడాల్సిందే కదా. ఆ గదిలో నేనూ తనూ. మాట్లాడుకోవడానికి మాకున్నవి ఆ రెండు మాటలే, అవి అప్పుడు నోటికి రావు.

తను నా చెయ్యి పట్టుకుని “నాన్ అమ్మావా? నాన్ అమ్మావా?” అని అడుగుతూనే ఉంది. వాళ్ళమ్మ కోసం పిలుస్తోంది అనుకున్నాను. “ఆఁ అమ్మా, నేనున్నానమ్మా, ఇంకొంచెం ఓర్చుకో అమ్మా” అని నా ధోరణిలో నేను చెబుతూ పోయాను. కాన్పయ్యాక పెద్దవాళ్ళు వద్దంటున్నా, తను చేతులు చాచిందని, బిడ్డను పొత్తిళ్ళలో చుట్టి ఇచ్చాను. ఆడపిల్ల. నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం నా వైపు చూడను కూడా లేదు.

బిడ్డను చేతికిచ్చానని ఇన్నేళ్ళూ ఆ అమ్మాయికి నేనంటే కోపమనే అనుకున్నానండీ. ఇవాళ ఈ మైకు ముందు, తెలుగులో, ఏం చెప్పిందో విన్నారుగా. తను వాళ్ళమ్మను పిలవలేదట. “బిడ్డ పోయాక కూడా నేను అమ్మనేనా?” అని నన్ను అడిగిందట! నేను ప్రతి మాటకూ అమ్మా, అమ్మా అంటుంటే అదే జవాబనుకుందట. ఆ ఒక్క జవాబు పట్టుకుని బతికానంది.

మన వైపు కూరలమ్మే ఆవిణ్ణీ అమ్మా అంటాం, బస్సులో పక్కకు జరగమనడానికీ అమ్మా అంటాం. ఏ ఆలోచనా లేకుండా అన్నాను. ఆ పూట అమ్మా అనకుండా పేరు పెట్టి పిలిచి ఉంటే?

అది చాలదన్నట్టు సంజీవరావు గారు, సోమవారం నుంచి నా స్థానంలోకి వచ్చేది మలరేనని ఇప్పుడే చెప్పారు. ట్రైనింగు కూడా పూర్తిచేసిందట. ఒక్కరోజే ఎన్ని పిడుగులు వేస్తారండీ నా మీద! (చప్పట్లు)

నన్ను భరించిన డాక్టర్లకు, సిస్టర్లకు, ఆయమ్మలకు, వేళకు అన్నం లేకపోయినా సణగని మా శౌరయ్యకు ఎంతో రుణపడి ఉన్నాను. శాలువా బాగుంది, సంతోషం. కానీ డైరెక్టర్ గారూ, పురిటి గదిలో తోడుండే మనిషికి కూర్చోవడానికి ఏమీ లేదు. నా మోకాళ్ళు ఎలాగూ అరిగిపోయాయి, ఈ పిల్లవైనా మిగలాలి. సోమవారానికల్లా మలర్‌కు ఒక కుర్చీ వేయించండి. చేతులున్న కుర్చీ.

ఇక నాకు సెలవు.