శేషారత్నం గారి సంతకం

1997 ఆగస్టు 4వ తేదీన, కాకినాడ నుండి వచ్చిన శ్రీమతి శేషారత్నం గారు ఫిల్మ్‌నగర్‌లోని మన పునరావాస కేంద్రంలో ఫిజియోథెరపిస్టుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. అప్పటికి ఈ కేంద్రమంటే రెండు గదులు, నాలుగు మంచాలు, పట్టుకొని నడవడానికి ఒక జత కమ్మీలు. ఆనాటి హాజరు పట్టీలో ఆమె చేసిన గుండ్రటి సంతకం ఈనాటికీ చెక్కుచెదరలేదు.

పక్షవాతానికి గురైనవారి కాళ్ళూ చేతులూ తన చేతులతో కదిలించడంలోనే తొలి పన్నెండేళ్ళు గడిచాయి. అటుపై మరొక విధానాన్ని శ్రద్ధగా అభ్యసించి వార్డులో ప్రవేశపెట్టారు. కదలని చేయి కదులుతున్నట్టు రోగి కళ్ళు మూసుకొని ఊహించుకోవాలి. చేయి కదలకపోయినా, దానిని కదిలించే మెదడు భాగాలకు ఆ ఊహే సాధన అవుతుంది. తోటివారు చాటున నవ్వుకున్నారు. ఆమె పట్టించుకోలేదు.

యూసుఫ్‌గూడకు చెందిన భిక్షం గారు ముప్పయ్యేళ్ళు సినిమా పాటల్లో వెనుక వరుసలో నర్తించినవారు. ఆయనకు కుడి చేయి పడిపోయింది. మంచినీళ్ళ గ్లాసు ఎత్తుతున్నట్టు నెలన్నర ఊహించినా ఒక్క వేలూ కదల్లేదు. శేషారత్నం గారికి దిగులు పట్టుకుంది.

"గ్లాసు ఎత్తేటప్పుడు మీకేం కనిపిస్తోందండీ?" అని ఒకనాడు అడిగారు.

"నేనే కనవడ్తున్న మేడం. ముంగట నిలవడి చూసినట్టే. చెయ్యి మంచిగ లేస్తున్నది, మొకం మీద లైటు గూడ పడ్తున్నది."

పాపం, ఆయన తనను తాను కెమెరా వైపు నుండి చూసుకుంటున్నారే తప్ప, చేతిలో గ్లాసు ఉన్నట్టే ఆయనకు తెలియడం లేదు! "ఎత్తుతున్నట్టు చూడండి" అని చెప్పిన తప్పు తనదేనని ఆమె కేస్‌ షీట్‌లోనే రాసుకున్నారు. బాగున్న ఎడమ చేతికి చల్లటి నీళ్ళ గ్లాసిచ్చి, "చూడకండి. ఈ చల్లదనమూ, ఈ బరువూ కుడి చేతికి తెలుస్తున్నట్టు అనుకోండి" అంటూ మళ్ళీ మొదటి నుండి మొదలుపెట్టారు. కొన్ని నెలలకు వేళ్ళు ముడుచుకోవడం మొదలైంది. భిక్షం గారు మళ్ళీ నర్తించలేదు. తన టీ మాత్రం కుడి చేత్తో తానే పట్టుకొని తాగారు.

గత నవంబరులో, పదవీ విరమణకు ఇంకా ఎనిమిది నెలలుందనగా, అదే వార్డులో శేషారత్నం గారు కుప్పకూలారు. మాట ముద్దయింది, కుడి చేయి పడిపోయింది. మాట క్రమంగా తేరుకుంది, చేయి తేరుకోలేదు. ఇన్నేళ్ళూ రోగులను కూర్చోబెట్టిన కుర్చీలో ఇప్పుడామె కూర్చుంటున్నారు. సాధన చేయిస్తున్నది ఆమె శిష్యురాలు రష్మి. ఇది రాయడానికి మాకు చేతులు రావడం లేదు.

ఆమె కోరిక ఒక్కటే. విరమణ రిజిస్టరులో తన కుడి చేతితో సంతకం చేసి వెళ్ళాలి. వేలిముద్ర చాలని సూపరింటెండెంటు జగదీశ్ గారన్నప్పుడు, "వద్దండీ" అని ముఖం తిప్పుకున్నారు. రోజూ కళ్ళు మూసుకొని ఆ సంతకమే చేస్తున్నారు.

"ఏం కనిపిస్తోంది మేడం?" అని మొన్న రష్మి అడిగారు.

"ఏమీ కనిపించట్లేదమ్మా. పెన్ను బరువుగా ఉంది."

రష్మి ఆశగా చూశారు. చేయి ఒళ్ళో అలాగే ఉంది. శేషారత్నం గారు కళ్ళు తెరిచి ఆ చేతిని ఒకసారి చూసుకొని, మళ్ళీ మూసుకున్నారు.

జూలై 31న శాలువా కప్పుతాం, పూలదండ వేస్తాం. రిజిస్టరులో ఆమె పేరు ఎదుట సంతకం గీత మాత్రం ఖాళీగానే ఉంచాలని జగదీశ్ గారు నిర్ణయించారు. శేషారత్నం గారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలనీ, ఆ ఏళ్ళలో ఏదో ఒకనాడు తమ చేతితో ఆ గీతను నింపడానికి రావాలనీ మనసారా కోరుకుంటున్నాం. అందాకా, ఆమె మా దగ్గర ఇంకా సెలవు తీసుకోనట్టే.